తాళం పడింది తలుపుకే.. ఇంటికి కాదు

గొళ్లెం బలహీనం.. పెరటి తలుపు మరింత బలహీనం
మూడు పట్టణాలు, రెండు జిల్లాలు, చెంతనే రాష్ట్ర సరిహద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: సంక్రాంతి సెలవులు రాగానే వీధి తలుపుకు గొళ్లెం పెట్టి, పిడికిలంత తాళం వేసి, రెండుసార్లు గట్టిగా లాగి చూసుకుని బస్సెక్కడం ఉమ్మడి నల్గొండ జిల్లా పట్టణాలలోని కుటుంబాలకు అలవాటే. ఆ లాగి చూసుకోవడంలోనే ఇంటి యజమాని భరోసా అంతా ఇమిడి ఉంది. తాళం ఊడిరాలేదు కాబట్టి ఇల్లు భద్రమని ఆయన నమ్మకం. వీధిలో నుంచి అదే తాళాన్ని చూసే దొంగకు మాత్రం అది వేరొక సంగతి చెబుతుంది. ఇంట్లో ఎవరూ లేరన్నదే ఆ సంగతి.

చోరీ జరిగిన తరువాత 'తాళం పగులగొట్టి లోనికి ప్రవేశించారు' అని ఫిర్యాదులోనూ, మరునాటి పత్రికలోనూ రాయడం పరిపాటి. నిజానికి చాలా సందర్భాలలో తాళం పగలదు. మరలతో సహా ఊడివచ్చిన గొళ్లేనికి వేలాడుతూ, వేసిన తాళం వేసినట్లే గుమ్మం ముందు పడి ఉంటుంది. దొంగ ఓడించింది తాళాన్ని కాదు, ఆ తాళాన్ని పట్టుకుని ఉన్న అరంగుళం మరలను. ఇంటి భద్రత కోసం పెట్టే ఖర్చు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. కానీ ఖర్చంతా తాళం మీదనే పెట్టి, గొళ్లేన్ని మేస్త్రీ ఇష్టానికి వదిలేయడమే మన పట్టణాలలో సర్వసాధారణం.

కన్నం పాతదే.. పరికరం కొత్తది

2025 జులైలో సూర్యాపేటలో ఒక బంగారు నగల దుకాణంలో భారీ చోరీ జరిగిన విషయం విదితమే. దుండగులు దుకాణం ముందువైపు తాళాల జోలికి పోలేదు. వెనుకవైపు నుంచి గోడకు రంధ్రం చేసి లోనికి చొరబడి, గ్యాస్ కట్టర్‌తో ఇనుమును కోసి నగలు దోచుకున్నారు. వీధివైపు షట్టరుకు ఎన్ని తాళాలు ఉన్నా అవన్నీ ఆ రాత్రి నిరుపయోగమే అయ్యాయి. పట్టణం నడిబొడ్డున, నిత్యం రద్దీగా ఉండే వ్యాపార ప్రాంతంలో ఈ ఘటన జరగడం గమనార్హం.

ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తది కాదు. మట్టిగోడల కాలంలో దొంగకు తెలుగువారు పెట్టిన పేరే కన్నపు దొంగ. తలుపు జోలికి పోకుండా గోడకు కన్నం వేసి దూరేవాడని అర్థం. 1860 నాటి భారత శిక్షా స్మృతిలో ఇల్లు పగులగొట్టి చొరబడటమంటే ఏమిటో నిర్వచించిన 445వ సెక్షన్ కూడా మొదటి ఉదాహరణగా చెప్పింది గోడకు కన్నం వేసి చేయి లోనికి పెట్టడాన్నే. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నిర్వచనం 330వ సెక్షన్‌గా కొనసాగుతోంది. తాళం తెరవడం అన్నది అందులోని ఆరు మార్గాలలో ఒకటి మాత్రమే. గోడ ఎక్కడం, మనుషులు రావడానికి ఉద్దేశించని సందులో నుంచి దూరడం, లోపలి గడియను తీయడం, మనుషులపై బలప్రయోగం చేయడం వంటివి మిగిలినవి. సుమారు నూట అరవై ఐదేళ్ల కిందట చట్టం రాసినవారికి తెలిసిన ఈ వాస్తవాన్ని ఇల్లు కట్టుకునేవారు ఇప్పటికీ పూర్తిగా గ్రహించినట్లు కనిపించదు.

పగలని తాళం ఎక్కడా లేదు

తాళం ఎంత మంచిదైనా దానికి ఒక పరిమితి ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికా తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్, అప్పటివరకు ఎవరూ తెరవలేరని పేరుపడ్డ చబ్ కంపెనీ తాళాన్ని అరగంటలోపే తెరిచి చూపాడు. ఆ తరువాత బ్రామా కంపెనీ ఆరు దశాబ్దాలుగా సవాలు విసురుతున్న తాళాన్ని 16 రోజుల వ్యవధిలో 51 గంటలు శ్రమించి తెరిచాడు. ఇందులో గమనించవలసింది హాబ్స్ నేర్పు కాదు, ఆ రెండో తాళం తీసుకున్న 51 గంటలు. తాళం దొంగను ఆపలేదు, ఆలస్యం మాత్రమే చేయగలదు. ఆ ఆలస్యాన్ని గమనించే కళ్లు చుట్టుపక్కల ఉంటేనే దానికి విలువ. ఎవరూ చూడని పెరటి సందులో ఎంత ఆలస్యమైనా దొంగకు నష్టం లేదు.

మన దగ్గరి దొంగకు అసలు హాబ్స్ నేర్పే అవసరం లేదు. చిన్న ఇనుప రాడ్డు, గునపం ముక్క, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే అతనికి చాలు. సన్నని తీగలతో తాళం మీటలు కదిలించే విద్య సినిమాలలో కనిపించినంతగా వీధులలో కనిపించదు. చప్పుడు తక్కువ, సమయం తక్కువ, నేర్పు అంతకన్నా తక్కువ కావలసిన మార్గం ఎదురుగా ఉన్నప్పుడు కష్టమైన దారిని ఎవరు ఎన్నుకుంటారు?

తలుపు ఎక్కడ లొంగుతుంది

ఈ మూడు పట్టణాలలోని ఇళ్ల తలుపులను పరిశీలిస్తే లోపం ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. వీధి తలుపుకు టేకు చెక్క, నగిషీలు, ఇత్తడి పిడులు ఉంటాయి. దానికి బిగించిన గొళ్లెం, లేదా హార్డ్‌వేర్ దుకాణాలలో ఆల్‌డ్రాప్ అని పిలిచే అడ్డగడియ మాత్రం పలుచని రేకుతో చేసినదై, పొట్టి మరలతో బిగించి ఉంటుంది. రాడ్డును గొళ్లేనికీ చెక్కకూ మధ్య దూర్చి ఒక్క అదుపున మీటితే చెక్క పొడి రాలి మరలు బయటకు వస్తాయి. అటువంటి గొళ్లేనికి వంద రూపాయల తాళం వేసినా, రెండు వేల రూపాయల తాళం వేసినా ఫలితం ఒక్కటే.

దీనికి పరిష్కారం వడ్రంగి ఒక్క పూటలో చేయగలిగిన పనే. మరల బదులు, బయట గుండు తల ఉండి లోపల నట్టు పడే బోల్టులను తలుపు మందమంతా దూరేలా బిగించాలి. లోపలి వైపు నట్టు కింద మందపాటి ఇనుప పట్టీ వేయాలి. అప్పుడు మీటే బలం నాలుగు మరలపై కాక తలుపు మొత్తంపై పడుతుంది. బయటవైపు తల నున్నగా ఉంటుంది కనుక స్క్రూడ్రైవర్‌కు పట్టు దొరకదు. తాళం వేశాక బోల్టు తలలు గొళ్లెం పట్టీ కింద కప్పబడిపోయేలా అమర్చుకుంటే మరీ మేలు. తాళాలకు ఐఎస్ 275, తాళం పట్టే ఇనుప అడ్డగడియలకు ఐఎస్ 281 అని భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. తాళం కొనేటప్పుడు కంపెనీ పేరు అడిగేవారు అడ్డగడియ కొనేటప్పుడు ఆ ముద్ర ఉందో లేదో చూడటం అరుదు.

తాళంలోనూ చూడవలసింది బరువు కాదు. కొంకి వంపు ఎంత బయటకు కనబడితే కట్టర్ నోటికి అంత సులువుగా అందుతుంది. కొంకి చాలా భాగం తాళం భుజాల మధ్య దాగి ఉండేవి, గట్టిపరచిన ఉక్కు అని ముద్ర ఉన్నవి కొంత నయం. అంతకంటే మంచిది అసలు బయటకు వేలాడే తాళమే లేకుండా చేసుకోవడం. తలుపు మందంలో ఇమిడిపోయే సెంటర్ లాక్ వేస్తే ఇంట్లో మనుషులు ఉన్నారో లేరో వీధిలో వెళ్లేవారికి తెలియదు. దొంగకు ఉచితంగా అందే ఆ ఒక్క సమాచారమూ అందకుండా పోతుంది. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. తాళం నాలుక దర్వాజలోకి ఎంత లోతుగా దిగుతుందన్నది ముఖ్యం. బ్రిటన్‌లో బీమా కంపెనీలు సాధారణంగా కోరే బీఎస్ 3621 ప్రమాణం ప్రకారం ఆ నాలుక కనీసం 20 మిల్లీమీటర్లు బయటకు రావాలి. దర్వాజలో దాన్ని పట్టుకునే ఇనుప పలక కూడా పొడవాటి మరలతో బిగించి ఉండాలి. లేకుంటే భుజంతో ఒక్క తోపు తోస్తే చాలు, చెక్క చీలి తలుపు తెరుచుకుంటుంది.

పాత ఇళ్లలోని రెండు రెక్కల తలుపులది మరో సమస్య. ఒక రెక్కకు పైనా కిందా వేసే చిన్న గడియలే మొత్తం తలుపును నిలబెడతాయి. కింది గడియ దిగే రంధ్రం మట్టితో పూడుకుపోయి, గడియ సగమే దిగుతున్న ఇళ్లు ఎన్నో. ఇంటివారికి అది తెలిసినా పండుగ సున్నాలప్పుడు చూద్దామని వాయిదా వేస్తుంటారు.

ఇక పెరటి తలుపు సంగతి. వీధి వాకిలికి ఖర్చు చేసిన దానిలో పదో వంతు కూడా దానికి పెట్టరు. వంటింటి వెనుక పలుచని ఫ్లష్ డోరు, లోపల ఒకే ఒక్క గడియ, పక్కనే అద్దాల కిటికీ. అద్దం తీసి చేయి లోనికి పెడితే గడియ అందుతుంది. గడియను కిటికీకి దూరంగా, తలుపు కింది భాగంలో మరొకటి అదనంగా వేయించుకోవడం వల్ల ఈ మార్గం మూసుకుపోతుంది. స్నానాల గది వెంటిలేటర్, ఎక్కడానికి వీలుగా గోడ వెంబడి దిగిన పైపు, మేడ మీది మెట్ల గది తలుపు కూడా ఇదే కోవలోకి వస్తాయి. డాబా ఇళ్లలో మెట్ల గది తలుపుకు బయటి నుంచి ఎవరు వస్తారులే అన్న ధీమాతో నామమాత్రపు గడియ వేసి వదిలేస్తారు. పక్క డాబా నుంచి ఒక్క అంగలో దాటి రావచ్చన్నది ఎవరికీ తట్టదు.

ఇనుప గ్రిల్లులు మంచివే కానీ, ఇల్లంతా పంజరంలా చేసి తాళంచెవులు ఎక్కడో దాచుకోవడం ప్రమాదం. రాత్రివేళ వంటగ్యాస్ లీకైనా, విద్యుత్ షార్ట్ సర్క్యూట్ జరిగినా లోపలివారు బయటపడలేరు. లోపలి నుంచి వేసే తాళాల చెవులు ఇంట్లోని వృద్ధులకు కూడా చీకట్లో చేతికి అందే ఒకే చోట ఉండాలి. అలాగని ఆ చోటు కిటికీ పక్కన కాకూడదు.

తాళంచెవి అంటే గుర్తుకువచ్చేది పూలకుండీ, చెప్పుల స్టాండు, మీటరు బాక్సు. పనిమనిషి కోసమో, బడి నుంచి వచ్చే పిల్లల కోసమో అక్కడ పెట్టడం ఆ వీధిలో అందరికీ తెలిసిన రహస్యం. అద్దెకున్నవారు ఖాళీ చేసిన తరువాత తాళం మార్చని యజమానులు కూడా తమ ఇంటి చెవి ఎన్ని జేబులలో ఉందో లెక్క చెప్పలేరు.

రోడ్డు అందరిదీ

చోరీల విషయంలో ఈ మూడు పట్టణాలను విడివిడిగా చూడటం సరికాదు. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. రెండింటి మధ్య దూరం సుమారు 45 కిలోమీటర్లు. మిర్యాలగూడ నార్కట్‌పల్లి-అద్దంకి రహదారిపై ఉండగా, బీబీనగర్-నడికుడి రైలు మార్గం కూడా అక్కడి నుంచే వెళుతుంది. మిర్యాలగూడను హుజూర్‌నగర్ మీదుగా కోదాడతో 167వ నంబరు జాతీయ రహదారి కలుపుతుంది. కోదాడ దాటితే జగ్గయ్యపేట, మిర్యాలగూడ దాటి వాడపల్లి వద్ద కృష్ణా నది వంతెన ఎక్కితే పల్నాడు. అర్ధరాత్రి ఒంటిగంటకు ఒక పట్టణంలో పని ముగించుకున్న ముఠా తెల్లవారేసరికి మరో రాష్ట్రంలో టిఫిన్ చేయవచ్చు.

ఒకప్పుడు ఈ మూడు పట్టణాలూ ఒకే జిల్లా ఎస్పీ పరిధిలో ఉండేవి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోవడంతో కోదాడ, మిర్యాలగూడలు సరిహద్దు పట్టణాలుగా మారాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. చిన్న జిల్లాల వల్ల పోలీసు అధికారులు ప్రజలకు దగ్గరయ్యారనడంలో సందేహం లేదు. అదే సమయంలో, ఒకే ముఠా మూడు రాత్రులలో మూడు పట్టణాలలో చేసిన చోరీలు రెండు జిల్లాల దస్త్రాలలో వేర్వేరు కేసులుగా నమోదవుతాయి. వాటిని కలిపి చూసే బాధ్యత ఎవరిదన్నది అధికారుల మధ్య సమన్వయంపైనే ఆధారపడి ఉంటుంది.

ఈ లోటును కొంతవరకు పూడ్చింది వేలిముద్రల సాంకేతికత. తెలంగాణ పోలీసులు 2017లో పాపిలాన్ వ్యవస్థను అందుబాటులోకి తెచ్చారు. 2022 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ స్థాయి 'నఫిస్' వ్యవస్థ రాష్ట్రాల మధ్య పోలికకు వీలు కల్పించింది. పాత నేరస్థుడి వేలిముద్ర ఏ రాష్ట్రంలో నమోదై ఉన్నా దొరికే అవకాశం ఏర్పడింది. అయితే అందుకు ఘటనా స్థలంలో ముద్ర మిగిలి ఉండాలి. చోరీ జరిగిందని తెలియగానే బంధువులు, ఇరుగుపొరుగు అందరూ లోనికి వచ్చి బీరువా తలుపు పట్టుకుని పరామర్శించే ఇళ్లలో క్లూస్ టీంకు మిగిలేది బంధువుల వేలిముద్రలే.

ఇల్లు ఖాళీ అయ్యే రోజులు

దొంగ క్యాలెండర్ మన పండుగల క్యాలెండరే. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర, సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర.. ఊళ్లు కదిలే రోజులన్నీ తాళాలు పడే రోజులే. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండివచ్చే తల్లిదండ్రుల ఇళ్లు మరీ ప్రత్యేకం. గుమ్మం ముందు పేరుకున్న దినపత్రికలు, పాల ప్యాకెట్లు, చెత్త, పగలు కూడా వెలుగుతున్న వరండా దీపం, ముగ్గు లేని వాకిలి ఎవరికైనా విషయం చెబుతాయి. పండుగ రోజున వీధి అంతటా ముగ్గులుండి ఒక్క గుమ్మమే బోసిగా ఉంటే అది తాళం కంటే ముందు కంటబడుతుంది. ప్రయాణం ఫొటోలను అప్పటికప్పుడు సామాజిక మాధ్యమాలలో పెట్టేవారు ఆ సమాచారాన్ని వీధి దాటించి ఊరంతా చాటుతున్నారు.

వేసవిలో చోరీల తీరు వేరు. ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో కరెంటు పోతే కుటుంబమంతా మేడపై పడుకోవడం ఇక్కడ మామూలే. కింద తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, లేదా బయట తాళం వేసి చెవి దిండు కింద పెట్టుకుంటారు. మనుషులు ఇంటి మీదే ఉండగా కింద ఇల్లు ఖాళీ అవుతుంది. పైనుంచి చప్పుడు విని దిగివచ్చేవారికి దొంగ ఎదురైతే ప్రాణాపాయం కూడా ఉంది. అటువంటప్పుడు కిందికి దిగకుండా మేడపై నుంచే గట్టిగా కేకలు వేసి, 112కు ఫోన్ చేయడం క్షేమం.

ఊరు వెళ్లేముందు పోలీస్ స్టేషన్‌లో సమాచారం ఇవ్వాలని పోలీసులు ప్రతి పండుగకూ ప్రకటనలు ఇస్తూనే ఉంటారు. ఇంటి సంగతి స్టేషన్‌లో చెబితే ఎక్కడికి పోతుందోనన్న అనుమానంతో చాలామంది వెనుకాడతారు. బీట్ కానిస్టేబుల్‌కు తెలిసిన తాళం ఇల్లు రాత్రి గస్తీలో ఒక్కసారైనా కంటబడుతుంది. తెలియని ఇల్లు వందలో ఒకటిగా మిగిలిపోతుంది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒక అడుగు ముందుకు వేసి లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్‌ను ప్రవేశపెట్టారు. యాప్‌లో నమోదు చేసుకున్నవారు ఊరు వెళుతున్నట్లు తెలియజేస్తే పోలీసులే వచ్చి కదలికలను పసిగట్టే కెమెరాను ఇంట్లో అమర్చుతారు. ఎవరైనా లోనికి అడుగుపెడితే కంట్రోల్ రూంకు హెచ్చరిక చేరుతుంది. కోదాడకు కూతవేటు దూరంలో పరిచయమైన ఈ పద్ధతిని ఇక్కడి సరిహద్దు పట్టణాలలోనూ పరిశీలించడం తగిన పని.

సొంతంగా కెమెరాలు పెట్టుకున్నవారు కూడా ఒక విషయం గమనించాలి. టీవీ పక్కన దీపాలు మెరుస్తూ ఉండే డీవీఆర్ పెట్టెను దొంగలు నగలతో పాటు మూటగట్టుకుపోవడం పరిపాటి అయింది. దృశ్యాలు ఫోనుకో, ఇంటర్నెట్‌లోని ఖాతాకో చేరేలా ఏర్పాటు లేకపోతే కెమెరా ఉన్నా లేనట్లే. గేటు పైన ఎత్తుగా బిగించిన కెమెరాకు టోపీలు తప్ప ముఖాలు చిక్కవు. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రజాభద్రత చట్టం నిర్దేశించింది. కాలనీల విషయంలో మాత్రం 'నేను సైతం' కార్యక్రమంలా నివాసితులు చందాలు వేసుకుని పెట్టుకోవలసిందే. పెట్టిన కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చోరీ జరిగిన తరువాత చూసుకునే కాలనీలకు కొదవ లేదు.

బంగారం ఎక్కడ ఉండాలి

ఇళ్లలో దొంగ వెతికేది బీరువా కోసమే. బీరువా తాళంచెవి బట్టల మడతల మధ్యనో, పూజగదిలోనో ఉంటుందని అతనికి తెలుసు. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు మాత్రమే బయటకు వచ్చే నగలు ఇంట్లో ఉండవలసిన అవసరం లేదు. బ్యాంకు లాకర్‌పై ఉన్న అపనమ్మకానికి గతంలో కారణం ఉంది. లాకర్‌లోని వస్తువులు పోతే తమకు సంబంధం లేదని బ్యాంకులు చెప్పేవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ మేరకు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో జారీ చేసిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం అగ్నిప్రమాదం, చోరీ, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వంటి కారణాలతో నష్టం జరిగితే లాకర్ వార్షిక అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి. ఏటా రెండు వేల రూపాయలు అద్దె కట్టేవారికి దక్కే గరిష్ఠ పరిహారం రెండు లక్షలన్న మాట. నేటి బంగారం ధరలకు అది చాలదు. అయినా ఇంటి బీరువా ఆ మాత్రం హామీ కూడా ఇవ్వదు.

బీమా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చోరీ బీమా పాలసీలలో సాధారణంగా 'బలప్రయోగంతో ప్రవేశించి' అన్న షరతు ఉంటుంది. అటువంటి షరతు ఉన్నప్పుడు బలప్రయోగం జరిగినట్లు ఆధారం లేని దొంగతనానికి పరిహారం రాదని సుప్రీంకోర్టు 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో తీర్పు చెప్పింది. ఇక్కడొక విచిత్రం ఉంది. పోగొట్టుకున్న తాళంచెవి దొరికినవాడు దానితో తలుపు తెరిచి అక్రమంగా ప్రవేశించినా అది ఇల్లు పగులగొట్టడం కిందికే వస్తుందని శిక్షా స్మృతి తన ఉదాహరణలలో స్పష్టంగా చెప్పింది. అదే ఘటన బీమా కంపెనీ దృష్టిలో చోరీ కాకపోవచ్చు. అంటే, పూలకుండీ కింద చెవి పెట్టినవారికి నేరం నమోదవుతుంది కానీ పరిహారం అనుమానమే. పాలసీ తీసుకునేముందు ఆ ఒక్క వాక్యం చదివించుకోవడం మేలు.

అనుమానం పేరిట అమాయకులపై

చోరీలు వరుసగా జరిగినప్పుడు కాలనీలలో యువకులు కర్రలు పట్టుకుని రాత్రి గస్తీ తిరగడం మామూలే. గస్తీ మంచిదే. అది ఎక్కడ దారి తప్పుతుందో 2018 మే నెలలో తెలంగాణ చూసింది. దొంగల ముఠాలు, పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారంటూ సెల్‌ఫోన్లలో వ్యాపించిన వదంతులతో పలుచోట్ల అపరిచితులపై దాడులు జరిగాయి. అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. సంచార జీవనం సాగించే కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన 1871 నాటి చట్టం 1952లో రద్దయినా, ఆ చూపు సమాజంలో ఇంకా మిగిలే ఉంది. గిన్నెలకు కళాయి వేసేవారు, దుప్పట్లు అమ్ముకునేవారు వీధిలోకి వస్తే మొదటి అనుమానం వారిపైనే. ఇంటి గుట్టు తెలిసిన పరిచయస్థుల పనిగా తేలిన చోరీలు ఎన్నో ఉన్నా ఈ ధోరణి మారలేదు.

రాత్రివేళ ఇల్లు పగులగొట్టి చొరబడినవాడి నుంచి తనను, తన ఇంటిని కాపాడుకునే హక్కును భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ విస్తృతంగానే కల్పించింది. ఆ హక్కు దాడిని అడ్డుకోవడానికే గానీ, చిక్కినవాడిని స్తంభానికి కట్టి కొట్టడానికి కాదు. పట్టుకున్న వ్యక్తిని ఆలస్యం చేయకుండా, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

చోరీ జరిగాక

సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు దొంగతనం ఉద్దేశంతో ఇల్లు పగులగొట్టి ప్రవేశిస్తే 14 ఏళ్ల వరకు, పగటివేళ అయితే 10 ఏళ్ల వరకు జైలుశిక్షకు వీలుంది. శిక్ష సంగతి తరువాత, ముందు పోయిన సొత్తు రావాలన్నదే బాధితుల ఆవేదన. అందుకు మొదటి మెట్టు ఫిర్యాదు. ఊరిలో లేనివారు కొత్త చట్టం కింద ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారమిచ్చి మూడు రోజులలోపు సంతకం చేయవచ్చు. ఘటన ఏ స్టేషన్ పరిధిలోనిదైనా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు స్వీకరించాలి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోపు బాధితులకు తెలియజేయాలి. విజయవాడలో బంధువుల ఇంట ఉన్న కోదాడ వాసి ఫోనులో పక్కింటివారు చెప్పిన వెంటనే అక్కడి స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేయవచ్చు. పరిధి మాది కాదు అన్న సమాధానానికి ఇప్పుడు తావు లేదు.

ఫిర్యాదులో 'సుమారు పది తులాల బంగారం' అని రాసి ఊరుకుంటే దొంగ దొరికినా సొమ్ము చేతికి రావడం కష్టం. రికవరీ చేసిన నగలలో ఏది ఎవరిదో తేల్చవలసి వస్తుంది. బిల్లులు, నగలు ధరించిన పెళ్లి ఫొటోలు, బరువులు, గుర్తులు రాసి ఉంచుకున్నవారికి ఆ ఇబ్బంది ఉండదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలను ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్యతోనే అమ్మాలన్న నిబంధన అమలులో ఉంది. ఆ సంఖ్యలను ఒక కాగితంపై రాసి, ఫొటో తీసి ఊరిలో లేని కుమారుడికో కుమార్తెకో పంపి ఉంచితే చాలు. అమ్మమ్మల నాటి పాత నగలకు ఆ సంఖ్య ఉండదు కనుక వాటిని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసుకోవాలి. దొంగిలించినదని తెలిసీ నగలు కొన్నవారిపై న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. నగలను కరిగించకముందే వివరాలు పోలీసుల చేతిలో ఉంటేనే దానికి అర్థం.

దొరికిన సొత్తు కేసు ముగిసేవరకు కోర్టు మాల్‌ఖానాలోనే ఉండిపోతుందన్న భయంతో కొందరు ఆశ వదులుకుంటారు. ఫొటోలు తీయించి, పూచీకత్తుపై యజమానికి త్వరగా అప్పగించాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులోనే సుప్రీంకోర్టు సూచించింది. కొత్త సంహిత 497వ సెక్షన్ దానికి గడువులు కూడా పెట్టింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజులలోపు దాని వివరాల పట్టిక తయారుచేసి, ఫొటో లేదా వీడియో తీయించాలి. ఆ తరువాత 30 రోజులలోపు సొత్తును ఎవరికి అప్పగించాలో ఉత్తర్వు ఇవ్వాలి. అందుకోసం యజమాని తన బిల్లులు, ఫొటోలతో కోర్టులో దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది.